నీళ్ళ కింది మిద్దె

నాకు మొహాలు గుర్తుండవు. పళ్ళు గుర్తుంటాయి. బజారులో ఎవరైనా ఎదురొచ్చి "బాగుండారా మేడం?" అంటే ముందు వెర్రిచూపు చూస్తాను. వాళ్ళు నవ్వగానే అంతా గుర్తొస్తుంది. ఆ, పైవరసలో కుడిపక్క పిప్పిపన్ను, నొప్పి తగ్గగానే మళ్ళీ ఇటు తొంగిచూడని పెద్దమనిషి అని. అప్పుడిక నిలబెట్టి నాలుగు తిట్లు తిట్టి పంపిస్తాను.

ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ళ వీధిలో, మేడమీద నా క్లినిక్. షహనాజ్ మేడం కోపిష్టిది గానీ చెయ్యి మంచిది అని ఊళ్ళో పేరు. చెయ్యి సంగతి అల్లాకెరుక, కోపం మాత్రం నిజం. కింద బంగారం పనివాళ్ళ చిన్న సుత్తుల చప్పుడు పొద్దుటి నుంచి వినిపిస్తూనే ఉంటుంది. ఎండాకాలం మధ్యాహ్నాల్లో ఆ చప్పుడు వింటూ, లైటు వంచి ఒకరి నోట్లోకి చూస్తుంటే, నోట్లోకి కాదు, తలుపు తీసి ఉన్న ఎవరింట్లోకో చూస్తున్నట్టుంటుంది. ఎక్కడ గోడ కూలింది, ఎక్కడ చెమ్మ దిగింది, ఎవరు శ్రద్ధగా ఊడ్చుకున్నారు, అన్నీ తెలిసిపోతాయి. ఇట్లాంటి మాటలు బయట అంటే పేషంట్లు రారు. అందుకని అనను.

అట్లాంటి ఒక మధ్యాహ్నమే ఆదినారాయణ వచ్చాడు. కలమల్ల దగ్గర కరెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేస్తాడు. వెంట వాళ్ళమ్మ వెంకటరమణమ్మ, తొమ్మిదేళ్ళ కూతురు చరిష్మ. పిల్లను కుర్చీలో కూర్చోబెట్టి నోరు తెరవమన్నాను. తెరవలేదు. నోటికి అడ్డంగా అరచెయ్యి పెట్టుకుని పైనున్న ఫ్యాను వైపు చూస్తూ కూర్చుంది.

"ముందుపన్ను రాల్యా మేడం," అన్నాడు తండ్రి. "పాలపన్ను ఊడి రెండేండ్లయినాది. పక్కది అప్పుడే వచ్చేసినాది. ఇది మాత్రం రాల్యా."

"రెండేండ్లు ఏం చేస్తాండావప్పా?"

"వస్తాదిలే అనుకుంటిమి."

మా వైపు సగం పళ్ళు ఈ ఒక్క మాటకే ఊడిపోయాయి. ఆ సంగతి నేను చెప్పేలోపే ముసలామె అందుకుంది.

"బళ్ళో పిల్లోల్లు దీన్ని 'గవాచీ, గవాచీ' అని ఏడిపిస్తాండారంట డాక్టరమ్మా. మా పాత మిద్దెలకు పైన వెలుతురు కోసరం కంత ఇడిసిపెట్టేటోల్లం గదా, ఆ గవాచి. అప్పట్నుంచి నోరు మూసినాది, తెరిస్తే ఒట్టు. వాల్లమ్మ స్వాతి కువైట్లో ఉండాది. ఫోన్లో కనపడినప్పుడు కూడా ఇదే, చెయ్యి అడ్డం. 'నా బిడ్డ నవ్వి ఎన్నాల్లాయె, దానికి ఏమయినాదో నిజం చెప్పండి' అని ఆయమ్మ ఆడ ఏడుపు."

పిల్ల ఫ్యాను వైపు చూస్తూనే ఉంది. కళ్ళలో మాత్రం నీళ్ళు తిరిగాయి. నాకు పిల్లల కన్నీళ్ళు చూస్తే ముందు వచ్చేది జాలి కాదు, పెద్దవాళ్ళ మీద కోపం. ఆ కోపాన్ని మింగి, కుర్చీ పక్కన స్టూలు మీద కూర్చుని, నా మాస్కు తీసి, నా పైవరసలో ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్న రెండు పళ్ళు చూపించాను.

"చూడు, ఊరందరి పళ్ళు సరిచేసేదాన్ని నేను. నావి ఇట్లుండాయి. నేను నవ్వడం మానేసినానా?"

పిల్ల వేళ్ళ సందులోంచి చూసింది. చెయ్యి కొంచెం కిందికి దిగింది. అంతలోనే లైటు వంచాను.

ఎక్స్‌రే తీసి తెరమీద పెట్టాను. ముగ్గురూ ముందుకు వంగి చూశారు.

"ఇదో, రావలసిన పన్ను. పైన చిగురు లోపల కూచోనుండాది, చక్కగా ఉండాది. దీని కింద చూడండి, మల్లెమొగ్గంత ఇంకొకటి. ఇది లెక్కలో లేని పన్ను. కొందరికి పుట్టుకతోనే ఒకటి ఎక్కువ వస్తాది. ఇది వాకిట్లో అడ్డంగా పండుకోనుండాది. లోపలి పిల్ల బయటికి ఎట్ల వస్తాది? దీన్ని చిన్న ఆపరేషన్ చేసి తీసేస్తే అది మెల్లగా దిగి వస్తాది."

వెంకటరమణమ్మ ఇంకా దగ్గరికొచ్చింది. నల్లటి తెరలో తెల్లగా తేలుతున్న ఆ పన్నును చాలాసేపు చూసింది.

"మా ఊరి మాదిరే ఉండాదే," అంది మెల్లగా. "లోపల్నే ఉండాది. కనపడల్యా, అంతే."

వాళ్ళది కొండాపురం పక్క నల్లబండపల్లె. గండికోట రిజర్వాయరు నీళ్ళలో ఆ ఊరు మునిగిపోయేనాటికి ఈ పిల్ల చంకబిడ్డ. ఇప్పుడందరూ పునరావాస కాలనీలో ఉన్నారు. ఇదంతా ఆదినారాయణ పొడిపొడిగా చెబుతుండగానే ముసలామె నడుముకున్న వక్కాకు సంచి తీసింది. సంచిలో ఆకులు, వక్కలు, సున్నం డబ్బీ, అన్నిటి అడుగునా ముడివేసిన చిన్న గుడ్డపేలిక. ముడి విప్పి నా చేతిలో పెట్టింది. వక్కాకు రంగు పట్టి ఎర్రబారిన పాలపన్ను.

"అమ్మా!" అన్నాడు ఆదినారాయణ. "అది నువ్వు ఆ పొద్దే కాలనీ మిద్దె మీదికి వేసినావు గదా? నా కండ్లారా చూసినా."

"నువ్వు చూసింది పలుగురాయిరా. పేడలో పెట్టి వేసినా. పన్ను నా కాడ్నే పెట్టుకున్నా."

మా పక్క ఈ ఆచారం తెలియనివాళ్ళు లేరు. పాలపన్ను ఊడితే పేడముద్దలో పెట్టి, ఆకాశం కంట పడకుండా ఇంటి మిద్దె మీదికి విసరాలి. పాతది నీకు, కొత్తది నాకు అని మిద్దెకు చెప్పాలి. మా నానీ మాత్రం ఎలుక కన్నంలో వేయించేది. ఎవరి బేరం వాళ్ళది.

"ఎందుకు పెట్టుకున్నావవ్వా?" అని అడిగాను.

"ఇంకేం చెయ్యల్ల? ఆ కాలనీలో సిమెంటు కప్పు మమ్మల్ని ఎరుగునా? మా అత్తనెరుగునా, మా మామనెరుగునా? నా మొగుని పాలపండ్లు, ఈ ఆదినారాయణవి, అందరియ్యీ మా మిద్దె మట్టిలోనే ఉండాయి. ఎవరిదో ఏమో, పరాయి కప్పు చేతికి నా మనవరాలి పన్ను ఎట్ల ఇచ్చేది? మన మిద్దె బయటపడినాక వేస్తాంలే అని దాచిపెట్టినా." ఆమె నా చేతిలోని పన్ను వెనక్కి తీసుకుంది. "అదే తప్పయినాది డాక్టరమ్మా. పాతది ఇయ్యకుండా కొత్తది యాడ్నుంచి వస్తాది? పిల్ల నవ్వు నేనే మూటగట్టుకోని కూచ్చున్నా."

నాకు నవ్వొచ్చింది, వెంటనే కోపమూ వచ్చింది. "అవ్వా, నీ సంచికీ ఈ పన్నుకూ ఏ సంబంధమూ లేదు. ఆ అడ్డపన్ను దాని పుట్టుకతో వచ్చింది. నువ్వు నీ సంచిలో దాచినా, బ్యాంకు లాకర్లో దాచినా ఇట్లే ఉండేది."

ఆమె వినలేదు. పేలిక మళ్ళీ ముడివేసింది. "కత్తి పెట్టేది తర్వాత. ముందు దీన్ని మా మిద్దెకు ఇయ్యల్ల. ఎండలు ముదిరితే నీళ్ళు దిగుతాయి. అప్పుడు పోయి వేసొస్తాం. ఆ తర్వాత నీ ఇష్టం."

"యాడ దిగుతాయమ్మా?" అన్నాడు ఆదినారాయణ. "అప్పటి మాదిరి కాదు. ఇప్పుడు నీళ్ళు నిండా నిలబెడతాండారు."

"దిగుతాయి."

నేను లేచి నిలబడ్డాను. లేచి నిలబడ్డానంటే గొంతు లేచిందని అర్థం. "నువ్వు నీళ్ళు దిగేదాకా కూచుంటే ఆ పన్ను దిగదు. ఇప్పుడు దానికి వేరు ఎదుగుతాండాది, కిందికి వచ్చే సత్తువ ఉండాది. వేరు ముదిరిపోతే ఉన్నచోటే కొయ్యయి కూచ్చుంటాది. ఈలోగా పక్కపళ్ళు ఒరిగి ఆ చోటు కాస్తా మూసేస్తాయి. ఈ సెలవుల్లో చేస్తే చిన్న పని. ఆ తర్వాత కమ్మీలేసి లాగాల. లాగినా రాకపోవచ్చు. ఆ పిల్ల జన్మంతా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోని బతకల్లనా?"

వెంకటరమణమ్మ మనవరాలి చెయ్యి పట్టుకుని కుర్చీలోంచి దించింది. ఆదినారాయణ ఒకసారి నావైపు, ఒకసారి తల్లి వైపు చూసి తలవంచుకున్నాడు. తల్లి మాట దాటే మనిషి కాదని ఆ చూపులోనే తెలిసిపోయింది. అయిపోయింది, ఈ పిల్ల మళ్ళీ రాదు అనుకున్నాను. వస్తాదిలే అనుకుంటూ వెళ్ళి, పెళ్ళీడుకు వచ్చినవాళ్ళను నేను చాలామందిని చూశాను.

గడప దగ్గర పిల్ల ఆగింది.

"జేజీ, మన మిద్దె నీళ్ళ కింద్నే ఉండాది గదా?"

"ఉండాది నాయనా. యాడికి పోతాది?"

"అయితే నీళ్ళల్లో వేస్తే యాడ పడతాది? మిద్దె మీదనే గదా పడేది?"

చెయ్యి అడ్డం లేదు. ఆ మాట చెప్పే తొందరలో మరిచిపోయింది. నోట్లోని ఆ చిన్న చీకటి కంతలోంచే మాట బయటికొచ్చింది. అందరి నోళ్ళూ తెరిపించడం నా వృత్తి. ఆ పొద్దు నా నోరు తెరిపించింది ఆ పిల్ల. వెంకటరమణమ్మ మనవరాలిని అట్లాగే చూస్తూ నిలబడింది. తర్వాత గడప మీదనే కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఏడుస్తోందో నవ్వుతోందో తెలియకుండా ఊగింది.

*

పులివెందుల నుంచి సర్జన్ అమ్జద్ సార్ బుధవారాలు నా క్లినిక్‌కు వస్తారు. ఆ బుధవారానికి ఆపరేషన్ అనుకున్నాం. అంతకుముందు ఆదివారం నీళ్ళ మీదికి ప్రయాణం. నా కారులో తీసుకుపోతానన్నాను. వీళ్ళను నమ్మేదానికి లేదు, దగ్గరుండి వేయించి దగ్గరుండి తీసుకొస్తా అని క్లినిక్‌లో అమ్మాయితో చెప్పాను. అది అబద్ధం. ఆ మిద్దె మీదికి నాకూ పోవాలనిపించింది.

తెల్లవారుతుండగా బయలుదేరాం. జమ్మలమడుగు దాటేసరికి ఎండ ఇంకా పసుపుగానే ఉంది. రోడ్డుకు రెండుపక్కలా నల్లరేగడి చేలు, చేల గట్లకు నిలువునా పాతిన నాపబండలు. ముందుసీటులో వెంకటరమణమ్మ వక్కాకు నములుతోంది. అది మానకపోతే నీ చిగుళ్ళు నిన్ను మానేస్తాయి అవ్వా అని నేను గొణుగుతూనే ఉన్నాను. ఆమె సరేనంటూనే ఇంకో ఆకు మడిచింది. వెనక పిల్ల తండ్రి ఒళ్ళో తలపెట్టి నిద్రపోయింది. మెల్లగా రోడ్డు ఒంపు తిరిగింది. చేలు ఉండాల్సిన చోట ఆకాశం ఉంది. చూస్తే అది నీళ్ళు.

ఒడ్డున లాల్ బాషా పుట్టితో నిలబడి ఉన్నాడు. అతనిదీ నల్లబండపల్లే. అప్పట్లో సేద్యం చేసేవాడు, ఇప్పుడు చేపలు పడతాడు. "మా చేని మీదనే వల వేస్తాండా మేడం," అన్నాడు నవ్వుతూ. "ముందు సెనక్కాయలు, ఇప్పుడు చేపలు. చేను మాత్రం మారల్యా." అతని ముందుపళ్ళ మీద అడ్డంగా గోధుమరంగు చారలున్నాయి. వెంకటరమణమ్మ పళ్ళకూ అవే చారలు, వక్కాకు ఎరుపు కింద. ఒకే బావి ఫ్లోరైడు నీళ్ళు తాగి పెరిగినవాళ్ళ పళ్ళవి. ఆ బావి ఇప్పుడు నీళ్ళలో మునిగి ఉంది.

పుట్టి గుండ్రంగా ఉంటుంది కదా, తెడ్డు వేసినప్పుడల్లా కొంచెం తిరుగుతుంది. మనం కదలకుండా కూర్చుంటే గుట్టలన్నీ మన చుట్టూ మెల్లగా తిరుగుతాయి. కాసేపటికి ఒడ్డు ఎటుందో నాకు తెలియలేదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు. తెడ్డు నీళ్ళను తాకే చప్పుడు, పిల్ల ఊపిరి, అంతే.

"నిదానంగా పోనీరా," అంది వెంకటరమణమ్మ ఉన్నట్టుండి. "ఊళ్ళోకి వచ్చినాం."

నేను చుట్టూ చూశాను. నీళ్ళు తప్ప ఏమీ లేవు. ఆమె మాత్రం పుట్టి అంచు పట్టుకుని కిందికి చూస్తోంది.

"ఇదే పెద్ద బాట. ఈడ దస్తగిరి సైకిలంగడి. ఆ పక్క బడి. ఒరే లాలూ, ఇటు తిప్పు, అటు యాల పోతావు? అది రామసుబ్బమ్మ వసారా. వాల్ల వసారాలో నుంచి పోతే ఊరుకుంటాదా ఆయమ్మ?"

"రామసుబ్బమ్మ ఇప్పుడు ముద్దనూరులో కొడుకు కాడ ఉండాదిలే పెద్దమ్మా," అన్నాడు లాల్ బాషా. అంటూనే పుట్టిని పక్కకు తిప్పాడు, వసారా తగలకుండా.

కొంచెం దూరం పోయాక ఆమె కాళ్ళ చెప్పులు విప్పి ఒళ్ళో పెట్టుకుంది. "పీర్ల చావిడి," అంది. ఆదినారాయణ విప్పాడు. పిల్ల విప్పింది. లాల్ బాషా కాళ్ళకు ముందే చెప్పుల్లేవు. నేనూ విప్పాను. ఎన్ని బారల నీళ్ళ కిందనో ఉన్న చావిడి మీదుగా, చెప్పులు ఒళ్ళో పెట్టుకుని, మేం అయిదుగురం పుట్టిలో పోయాం. పిచ్చిపని అని అప్పుడు అనిపించలేదు, ఇప్పుడూ అనిపించదు. ఒక మనిషి నడిచే ఊరిని ఎన్ని నీళ్ళు ముంచగలవు?

నేను కిందికి చూస్తూ కూర్చున్నాను. ఆకుపచ్చటి నీళ్ళలో ఎండ కొంతదూరం దిగి ఆగిపోతోంది. అక్కడి నుంచి ఆమె మాటలు దిగాయి. ఆమె పేరు చెప్పిన చోటల్లా నాకు గోడలు కనిపించాయి, తలుపులు కనిపించాయి, తలుపుల్లోంచి చేపలు వచ్చిపోతున్నాయి. మట్టి మిద్దెలు వరసగా, ఒక్కొక్క మిద్దె మీదా అక్కడొకటి ఇక్కడొకటి తెల్లగా చిన్న చిన్న పాలపళ్ళు. ఊరంతటి చిన్నతనం అక్కడ పడి ఉంది. నిద్రపోయానేమో, పోలేదేమో. లాల్ బాషా తెడ్డు ఎత్తి పట్టేసరికి ఉలిక్కిపడ్డాను.

నీళ్ళలోంచి ఎండిన వేపకొమ్మ చివర ఒకటి పైకి ఉంది. వెంకటరమణమ్మ చెయ్యిచాచి దాన్ని పట్టుకుంది. పుట్టి తిరగడం ఆగింది.

"మా పెరటి వేప," అంది. ఆ కొమ్మను ఆమె నిమిరిన తీరు చూసి నేను మొహం పక్కకు తిప్పుకున్నాను.

ఆకులో చుట్టుకొచ్చిన పేడముద్ద విప్పింది. పేలికలోని పన్ను అందులో పెట్టింది. తర్వాత కొంగు ముడిలోంచి ఒక పలుగురాయి తీసి అదీ పెట్టింది.

"రాయి యాల జేజీ?"

"ఉత్త పేడయితే తేలిపోతాది నాయనా. ఆ పొద్దు రాయి వేసి అందర్నీ మోసం చేసినా గదా. ఈ పొద్దు అట్లాంటి రాయే తోడు పోయి నీ పన్నును మిద్దె మీద దించుతాది." ముద్ద చేసి పిల్ల చేతిలో పెట్టి, కొంగు విప్పి పిల్ల తలమీద కప్పింది, ఆకాశం చూడకుండా. "చెప్పు."

కొంగు కిందినుంచి చరిష్మ గొంతు వినిపించింది. "మిద్దె మిద్దె, పాతది నీకు, కొత్తది నాకు."

చిన్న చప్పుడు. నీళ్ళ మీద ఒక గుండ్రం లేచి, పెద్దదై, పుట్టిని తాకి పోయింది. మేమందరం అట్లాగే కూర్చున్నాం. పాలపన్ను నీళ్ళలో ఎంతసేపు దిగుతుంది? ఏ పుస్తకంలోనూ నేను చదవలేదు. వెంకటరమణమ్మ తల పక్కకు వంచి వింటోంది. పక్కింట్లో ఎవరో పిలిస్తే వినేవాళ్ళు అట్లాగే తల వంచుతారు.

"పడినాది," అంది చివరికి.

ఒట్టు, నాకూ వినిపించింది.

*

బుధవారం ఆపరేషన్ అయింది. చిగురుకు మత్తిచ్చి, అమ్జద్ సార్ ఆ అడ్డపన్నును తీసి ట్రేలో పెట్టారు. మొనదేలి, బియ్యపు గింజకంటే కాస్త పెద్దదిగా ఉంది. పిల్ల చెయ్యి చాచింది. కడిగి చిన్న డబ్బీలో వేసిచ్చాను. మర్నాడు చూపించుకోవడానికి వచ్చినప్పుడు, వాపుతో ఇంకా మాట సరిగా రాకపోయినా, ఆ డబ్బీ ఊపి నన్ను అడిగింది.

"ఇది ఎవరిది మేడం?"

"నీదే."

"లెక్కలో లేదంటివి గదా?"

"లెక్కలో లేకపోయినా నీదే. నీలోనే పుట్టింది."

ఆ జవాబు దానికి నచ్చలేదు. నచ్చనట్టు నుదురు ముడిచి డబ్బీ జేబులో వేసుకుంది. దాన్ని ఏ మిద్దెకివ్వాలో తేలక ముసలామె కూడా ఊరుకున్నట్టుంది. ఆ తర్వాత చూపించుకోవడానికి వచ్చినప్పుడల్లా నేను చిగురు మీద వేలు పెట్టి చూసేదాన్ని. గట్టిగా, ఉబ్బెత్తుగా తగిలేది. వస్తోంది. ఆ మాట చెబితే వెంకటరమణమ్మ తల ఊపి "మిద్దె మాట తప్పదు," అనేది. నా చదువూ అమ్జద్ సార్ కత్తీ లెక్కలోకే రావు. పోనీలే అనుకునేదాన్ని. నాకు కోపం రాకపోవడం చూసి క్లినిక్‌లో అమ్మాయి ఆశ్చర్యపోయేది.

వానలు పడ్డాక వాళ్ళ కాలనీ బడిలో పళ్ళ క్యాంపు పెట్టాను. పిల్లలు వరసగా నోళ్ళు తెరిచారు. పెద్దవాళ్ళు సిగ్గుపడుతూ కాసేపు బయట నిలబడి, తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. పెద్దవాళ్ళందరికీ ఆ గోధుమరంగు చారలే. పిల్లల పళ్ళు మాత్రం తెల్లగా ఉన్నాయి. వీళ్ళు వేరే నీళ్ళు తాగి పెరిగారు. లవంగం పెట్టుకుని, పొగాకు పెట్టుకుని నొప్పి ఆపుకున్నవాళ్ళందరినీ తిట్టీ తిట్టీ నా గొంతు పోయింది.

చరిష్మ వంతు వచ్చింది. చెప్పకుండానే నోరు తెరిచింది. చిగురు చీల్చుకుని తెల్లటి అంచు ఒకటి బయటికొచ్చి ఉంది, తొలిపొద్దున వాకిలి తలుపు కింద కనిపించే వెలుతురు గీతలాగా. నేను లైటు అట్లాగే పట్టుకుని చూస్తూ ఉండిపోయాను. ఇన్నేళ్ళలో ఎన్ని పళ్ళు చూడలేదు? అయినా గుండె నిండిపోయింది.

"మా ఇంటికి రాండి మేడం," అంది పిల్ల నా చెయ్యి పట్టుకుని.

అన్నీ ఒకే రకం ఇళ్ళు, ఒకే రకం గోడలు. వాకిట్లో వేపచెట్టు కింద నులకమంచం. వానొస్తే తప్ప అమ్మ ఇంట్లో పండుకోదు, ఇంటిని ఇల్లు అనదు, కాలనీ అంటుంది అని ఆదినారాయణ ఆ ఆదివారమే కారులో చెప్పాడు. మంచం మీద కూర్చుని ఉన్న వెంకటరమణమ్మ నన్ను చూసి లేచింది. మనవరాలి నోరు చూసింది, వేలితో ఆ అంచును తాకింది, వేలు కళ్ళకద్దుకుంది. అంతలోనే ఫోను మోగింది. స్వాతి. పిల్ల ఫోను గోడకు ఆనించి, దాని ముందు నిలబడి, నోరంతా తెరిచి నవ్వింది. అటునుంచి "ఇంకొకసారి నవ్వు మే," అని మాత్రం వినిపించింది.

నవ్వి నవ్వి అలసిపోయాక పిల్ల లోపలికి పోయి డబ్బీ తెచ్చింది.

"జేజీ, దీన్ని ఈ మిద్దె మీద వేద్దామా?"

ముసలామె పైకి చూసింది. సిమెంటు కప్పు అంచున వాననీళ్ళు ఇంకా ఒక్కొక్క చుక్కే రాలుతున్నాయి. చాలాసేపు చూసింది. నేను ఏదైనా అందామనుకుని, జన్మలో మొదటిసారి, నోరు మూసుకున్నాను.

ఆమె పోయి పక్కింటి గేదె కట్టేసిన చోటి నుంచి పేడ తెచ్చింది. డబ్బీలోని మొగ్గపన్నును తన చేత్తోనే ముద్దలో పెట్టింది. కొంగు మనవరాలి తల మీద కప్పింది. పిల్ల చెయ్యి ఎత్తి, మళ్ళీ దించింది.

"ఏమని చెప్పల్ల జేజీ? కొత్తది నాకు అంటే మళ్ళా ఇట్లాంటిదే ఇస్తాదేమో! నాకు రావల్సింది వస్తానే ఉండాది గదా. దీన్ని ఏమడగల్ల?"

వెంకటరమణమ్మ తడి గోడ మీద అరచెయ్యి ఆనించింది.

"ఏమీ అడగొద్దు నాయనా. ఊరికే ఇయ్యి. ఇన్నేండ్లుగా మనల్ని వాననుంచి కాస్తాండాది, దీనికి మనం ఇంతవరకూ ఏమీ ఇయ్యల్యా."